గొట్టాలు లేని కట్టర్, స్ప్రెడర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ప్రమాదానికి గురైన వాహనాల్లో ఇరుక్కున్నవారిని బయటకు తీయడానికి మా దళం మొదట్లో పెట్రోలు ఇంజిన్‌తో నడిచే పవర్ యూనిట్‌ను, దానికి గొట్టాలతో కలిపే హైడ్రాలిక్ కట్టర్‌ను, నలిగిన లోహాన్ని విడదీసే స్ప్రెడర్‌ను వాడేది. ఆ తర్వాత వచ్చిన బ్యాటరీ సెట్‌తో కొన్నేళ్లుగా పని చేస్తున్నాం. కేటలాగు తెరవగానే అందరి కళ్లూ కోత బలం అంకె మీద పడతాయి గాని, మా పాత సెట్టూ కొత్త సెట్టూ సుమారు 700 బార్ పీడనంతోనే పనిచేస్తాయి. కోత బలం అంకె ఒక్కదాన్నే చూసి ఎంపిక చేయడంలో పెద్దగా అర్థం లేదు.

అసలు తేడా చప్పుడులో ఉంది. ఇంజిన్ రొద లేకపోవడం వల్ల లోపల ఉన్న మనిషి మూలుగు, అతని మెడను పట్టుకుని కూర్చున్న వైద్య సహాయకుడి మాట, లోహం ఒత్తిడికి లోనై చిటపటలాడే శబ్దం స్పష్టంగా వినిపిస్తాయి. రోడ్డు గట్టు దిగువన బోల్తా పడిన వాహనం దగ్గరికి గొట్టాలు లాగే పని తప్పింది. బరువు మాత్రం తగ్గలేదు. మా స్ప్రెడర్ బ్యాటరీతో కలిపి 20 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. బ్యాటరీ వెనక వైపు ఉండటం వల్ల, పైకప్పును మోసే పిల్లర్లను భుజం ఎత్తులో కోసేటప్పుడు పరికరం ముక్కు పైకి లేస్తుంది. రెండో మనిషి కింద చెయ్యి వేయకుండా ఆ కోత పెట్టించడం నాకు ఇష్టం ఉండదు.

నియంత్రణ పిడి బాగుంది. వదిలితే తటస్థ స్థితికి వచ్చి, బరువు మీద ఉన్నా బ్లేడ్లు ఉన్నచోటే ఆగిపోతాయి. కొద్దిగా తిప్పితే నెమ్మదిగా కదులుతాయి. మోకాలికి బెత్తెడు దూరంలో డ్యాష్‌బోర్డు ఇనుమును కోసేవాడికి కావలసింది ఈ నెమ్మదే.

కొత్త కార్లలో మధ్య పిల్లర్‌ను వేడిచేసి అచ్చుపోసిన బోరాన్ ఉక్కుతో చేస్తున్నారు. దాని తన్యతా బలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే శక్తి, 1500 మెగాపాస్కల్స్ వరకు ఉంటుంది. దాన్ని బ్లేడ్ల కొసలతో పట్టుకోకుండా, ఇరుసుకు దగ్గరగా ఉన్న గాడిలోకి పూర్తిగా నెట్టి కోయాలి. బ్లేడ్లు పక్కకు విడిపోతున్నట్టు గాని, పరికరం మొత్తం మెలితిరుగుతున్నట్టు గాని అనిపించిన క్షణమే ఆపి, తెరిచి, కొత్త కోణంలో పట్టుకోవాలి. లేకపోతే బ్లేడు పగిలి ముక్కలు ఎగురుతాయి. కోతకు ముందు పిల్లర్ మీది ప్లాస్టిక్ తొడుగును ఊడదీసి, లోపల ఎయిర్‌బ్యాగ్ గ్యాస్ సిలిండర్ ఉందేమో చూసే పని మాత్రం చిన్న గునపానిదే. అది లేకుండా కట్టర్‌ను బయటకు తీయకూడదు.

లోహాన్ని తోసి దూరం జరిపే కడ్డీ లాంటి పరికరమైన ర్యామ్ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. రెండు దశలుగా పొడవు పెరిగే ఈ ర్యామ్‌లో రెండో దశకు వచ్చేసరికి తోసే బలం బాగా తగ్గుతుంది. ముందు పిల్లర్ అడుగున లోహం వంగేలా సడలింపు కోతలు పెట్టి డ్యాష్‌బోర్డును ముందుకు తోసేటప్పుడు, ర్యామ్ కాలు తలుపు కింది గడప లోహంలోకి దిగబడిపోతుంది. దాన్ని ఆపే ఆధారపు దిమ్మను మాకు అమ్మినవారు సెట్‌లో ఇవ్వలేదు, విడిగా కొనాల్సి వచ్చింది.

పరికరం క్షణంలో సిద్ధమవడంలో ఒక చిక్కుంది: కుర్రవాళ్లు వాహనం కదలకుండా చెక్క దిమ్మలు వేయకముందే తలుపు మీదికి వెళ్తారు. పాత రోజుల్లో ఇంజిన్ అందుకునేలోపు మెట్ల దిమ్మలు, చీలలు వాటంతట అవే వాహనం కిందికి చేరేవి. గాలి నింపి బరువును పైకెత్తే లిఫ్టింగ్ బ్యాగులతో లేపేటప్పుడూ దిమ్మలు అంతే ముఖ్యం. 8 బార్ బ్యాగు ఉబ్బేకొద్దీ బరువును తాకే వైశాల్యం తగ్గి బలమూ తగ్గుతుంది కనుక, లేచిన ప్రతి అంగుళానికీ కింద దిమ్మ పడుతూ ఉండాలి.

లారీ క్యాబిన్ లాంటి దీర్ఘమైన పనుల్లో బ్యాటరీలు వరుసగా ఖాళీ అవుతాయి. అందుకే పాత పవర్ యూనిట్‌ను మేము ఇంకా బండి నుంచి దించలేదు.

నిర్వహణ తేలికే. గొట్టాలు, కప్లింగ్‌ల లీకేజీ బెడద పోయింది. స్ప్రెడర్ కొసల పళ్లు అరిగితే పట్టు జారుతుంది గనుక వాటిని సమయానికి మార్చాలి. కట్టర్ ఇరుసు బోల్టు వదులైతే బ్లేడ్ల మధ్య సందు పెరుగుతుంది. తయారీదారు చెప్పిన బిగింపును సరిచూసే టార్క్ రెంచ్‌ను సెట్‌తోపాటే కొనుక్కోవాలి, తర్వాత కొందామనుకుంటే ఆ తనిఖీ వాయిదా పడుతూనే ఉంటుంది.