డిస్క్‌లో పీఆర్‌పీ ఇంజెక్షన్: ఆరు నెలల తర్వాత

రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చునే పని నాది. ఎమ్మారైలో పై డిస్కులన్నీ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు) నీటితో తెల్లగా మెరుస్తుంటే, నడుము దగ్గరి ఎల్4-ఎల్5 డిస్క్ ఒక్కటే నల్లగా, పలచబడి కనిపించింది. డిస్క్ అరుగుదలకు ఉన్న 5 గ్రేడుల్లో నాది 4వది అన్నారు.

ఇంజెక్షన్ చేసిన తీరుకి పూర్తి మార్కులు. నా చేతి నుంచే రక్తం తీసి, మెషిన్‌లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న పసుపు ద్రవాన్ని, అంటే పీఆర్‌పీని, వేరు చేశారు. బోర్లా పడుకుని తల తిప్పి చూస్తే, ఎక్స్‌రే తెర మీద సూది డిస్క్ మధ్యకు చేరడం కనిపించింది. మందు ఎక్కుతుంటే నా పాత నొప్పే పదింతలై లేచింది. మొదటి వారం మంచం దిగలేకపోయాను. ఆ సంగతి ముందే చెప్పాల్సింది.

నాకు కోపం వచ్చింది క్లినిక్ వాళ్ల కరపత్రం మీద. ‘డిస్క్ మళ్లీ పెరుగుతుంది’ అని రాశారు! పెద్దవాళ్ల డిస్క్ లోపలికి రక్తనాళాలే వెళ్లవు. పోషకాలు పైనా కిందా వెన్నుపూసలను ఆనుకుని ఉన్న పలకల గుండా మెల్లగా ఊరి రావాలి. అలాంటి చోట కొత్త కణాలు బతకడమే కష్టం. మూలకణాలతో 404 మందిపై జరిగిన మూడో దశ ట్రయల్‌లో కూడా నొప్పి కొంత తగ్గినట్టు కనిపించింది కానీ, ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు.

నా నొప్పి పదికి 8 నుంచి 5కి దిగింది. గంటన్నర కదలకుండా కుట్టగలుగుతున్నాను. రెండో ఎమ్మారైలో డిస్క్ మాత్రం అంతే నల్లగా ఉంది. వ్యాయామాలు ఒక్కరోజూ మానలేదు కాబట్టి ఘనతంతా సూదికే ఇవ్వను. 3 స్టార్లు.