పొద్దున్నే బయట తినాలంటే: టిఫిన్ బండా, ఇరానీ హోటలా, బ్రంచ్ కేఫా?

శనివారం సాయంత్రం అయ్యిందంటే చాలు, హైదరాబాద్‌లో ఇదే ప్రశ్న. "రేపు నలుగురం కలిసి పొద్దున్నే బయట తినాలి, ఎక్కడికెళ్తే మేలు?" అడిగేవాళ్ల మనసులో అప్పటికే రెండు చోట్లుంటాయి. ఒకటి నాంపల్లి వైపు పొగలు కక్కే బటర్ దోశ, రెండోది జూబ్లీహిల్స్‌లో చెట్టు కింద బల్ల మీద గుడ్లూ బ్రెడ్డూ కాఫీ. రుచి, ధర, పార్కింగ్, ఫొటోలు ఎలా వస్తాయన్నది కూడా లెక్కేస్తారు. తేల్చాల్సిన సంగతి మాత్రం ఎవరూ అడగరు: పొయ్యి దిగిన తిండి మీ నోటికి చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?

పొద్దుటి తిండికి ఆయుష్షు తక్కువ. దోశ కరకర నాలుగైదు నిమిషాల ముచ్చట. పూరీకి అంత కూడా ఉండదు. ఇడ్లీ పాత్రలోంచి తీశాక పది నిమిషాలు మెత్తగా ఉంటుంది. హాట్‌బాక్సులో పెడితే మూతకి పట్టిన ఆవిరి నీళ్లై కారి పైపొర జావలా తయారవుతుంది, బయట వదిలేస్తే అంచులు ఎండిపోతాయి. కాబట్టి ఎక్కడ బాగా చేస్తారన్న దానికంటే ఎక్కడ త్వరగా అమ్ముడుపోతోందన్నదే ముందు చూడాలి. గొప్ప మాస్టర్ ఉన్న ఖాళీ హోటల్ కంటే మామూలు మాస్టర్ ఉన్న రద్దీ బండి మేలు.

ఈ లెక్కలో బండిని కొట్టేది లేదు. మీరు చూస్తుండగానే వేస్తాడు, మూడడుగుల దూరంలో తింటారు. నాంపల్లిలో రామ్ కీ బండి తెల్లవారకముందే మొదలవుతుంది. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండికి పొద్దున్నే జనం మూగుతారు. ఇవి పేరున్నవి. పేరు లేని బండి ప్రతి కాలనీలో ఒకటుంటుంది, మంచిదో కాదో పెనం దగ్గర రెండు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

బండి పెనం మందపాటి ఇనప పలక. ప్రతి వాయికీ ముందు మాస్టర్ నీళ్లు చల్లి చీపురుతో ఊడుస్తాడు. శుభ్రం కోసమే అనుకుంటాం గానీ అసలు పని వేడి దించడం. పలక మరీ కాలి ఉంటే పిండి పడిన చోటే పట్టేసుకుంటుంది, గరిటె తిప్పబోతే ముద్దలు ముద్దలుగా గరిటె వెంటే లేచి వస్తుంది. చల్లిన నీళ్లు బొట్లు బొట్లుగా దొర్లుతూ పరుగెడితే పెనం ఇంకా ఎక్కువ కాలి ఉన్నట్టు. చుయ్‌మని ఒక్కసారిగా ఆవిరైతే సరిగ్గా ఉన్నట్టు. నీళ్లు నిలబడి మెల్లగా మరిగితే చల్లబడిందన్నమాట, అప్పుడు పోసిన దోశ తెల్లగా, సాగుతూ వస్తుంది. బండి పెట్టిన వెంటనే మొదటి వాయి కోసం ఎగబడకండి. పలక అంచులదాకా కాలడానికి టైం పడుతుంది. రెండో మూడో వాయిలో, మంట నేరుగా తగిలే నడిమి దోశ మీకు వచ్చిందంటే అదృష్టమే.

ఆర్డరు విషయంలో ఒక మాట. బటర్, చీజ్, ఉప్మా, మసాలా, ఉల్లిపాయలు అన్నీ ఒకే దోశ మీద వేయించుకుంటే లోపలి తడికి దోశ మడత పెట్టకముందే మెత్తబడుతుంది. చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కరకర ఉండదు. కరకర కావాలంటే నెయ్యి, కారప్పొడి, అంతే. ఉప్మా కావాలంటే పక్కన పెట్టమనండి, పెడతారు.

కాలాన్ని కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి రుబ్బిన పిండి పొద్దున పదింటికల్లా పులిసిపోతుంది. అదే డిసెంబరు, జనవరి చలికి తెల్లవారుజామున పిండి సరిగా పొంగదు, ఇడ్లీ బల్లపరుపుగా, గట్టిగా దిగుతుంది. దోశ ఆ లోపాన్ని దాచుకోగలదు, ఇడ్లీ దాచుకోలేదు. చలికాలం పొద్దున్నే వెళ్తే దోశ, ఎండాకాలం వెళ్తే ఎనిమిదిలోపు వెళ్లడం.

బండి దగ్గర అసలు ప్రమాదం దోశలో లేదు, చట్నీలో ఉంది. పల్లీ చట్నీ రుబ్బాక పొయ్యెక్కదు. జనం పెరిగేకొద్దీ అందులో నీళ్లు కలుపుతుంటారు, అవి కాచిన నీళ్లు కావు. వానాకాలంలో కడుపు పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. సాంబారు మరుగుతూ కనిపిస్తే అది పోయించుకోండి, లేదంటే అల్లం చట్నీ కొద్దిగా వేయించుకుని సరిపెట్టుకోండి. ఇంకొకటి, కడగడం తప్పుతుందని ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి దాని మీద సెగలు కక్కే ఇడ్లీ పెడతారు. ఆకు గానీ ఉత్త స్టీలు ప్లేటు గానీ ఇవ్వమని గట్టిగా అడగాల్సిందే. బజ్జీ, పూరీ తినేముందు బాణలిలోకి ఒకసారి చూడండి. వేపుడు నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. దాన్ని కొలిచే మీటరు మన దగ్గర ఉండదు గానీ, నూనె నల్లబడి, చిక్కబడి, వేయగానే నురుగు పైదాకా పొంగుతుంటే ఆ పూటకి ఇడ్లీతో సరిపెట్టుకోవడమే.

బండికి కుర్చీ ఉండదు, బాత్‌రూమ్ ఉండదు. అమ్మానాన్నలు వెంట ఉంటే నా ఓటు కూర్చోబెట్టి వడ్డించే టిఫిన్ హోటల్‌కే. ఆబిడ్స్‌లో 1948 నుంచీ ఉన్న తాజ్ మహల్ హోటల్, హిమాయత్‌నగర్ మినర్వా, చట్నీస్ అందరికీ తెలిసినవే. ఇక్కడ వంటగది నుంచి బల్ల దాకా దోశ నడిచి రావాలి, ఆదివారం తొమ్మిదిన్నరకి ఆ నడక ఏడెనిమిది నిమిషాలవుతుంది. అందుకే ఆలస్యానికి పాడవని వాటిని అడగడం తెలివి. చట్నీస్‌లో చిరంజీవి పేరు మీద అమ్మే స్టీమ్ దోశ పుట్టుకతోనే మెత్తన, ఐదు నిమిషాలు ఆలస్యమైనా దానికి పోయేదేం లేదు. పొంగల్ కూడా అంతే. పెసరట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. పెసలు నాలుగైదు గంటలు నాని, రుబ్బిన వెంటనే పెనమెక్కాలి, ఆ పిండికి పులవడంతో పని లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన పిండితో వేస్తే రంగు మట్టి తేలి, మందంగా, పచ్చివాసనతో వస్తుంది. పొద్దున తొమ్మిదిలోపు పెసరట్టు, ఆ తర్వాత ఇంకేదైనా.

మాదాపూర్‌కి 2024లో వచ్చిన బెంగళూరు టిఫిన్ హోటల్ రామేశ్వరం కేఫ్ బండికీ హోటల్‌కీ మధ్యన ఉంటుంది: అమ్మకం వేగం బండిది, బిల్లు హోటల్‌ది, నిలబడటం మనది.

ఇక ఇరానీ హోటళ్లు. ఇక్కడ పైన చెప్పిన సూత్రం సగం తలకిందులవుతుంది. నిహారీ (మాంసం పులుసు), పాయా (కాళ్ల పులుసు) రాత్రంతా సన్నని మంట మీద ఉడికితేనే వాటికి ఆ చిక్కదనం. తెల్లవారుజామున అవి సిద్ధమయ్యే వేళకే వెళ్లాలి. ఎనిమిదిన్నర దాటితే దేగ్చా (పెద్ద వంటపాత్ర) పైన తేలే నూనె, మంచి ముక్కలు అయిపోయి అడుగు మిగులుతుంది. పాయా చల్లారితే జిగురుగా పెదవులకి అంటుకుంటుంది, కాబట్టి కబుర్లు తర్వాత. నయాపూల్ నయాబ్, మదీనా దగ్గరి షాదాబ్ ఈ పనికి పేరున్నవి. నిహారీలోకి చార్‌కోనీ (నాలుగు మూలల) నాన్ కావాలంటే పురానీ హవేలీ దగ్గర 1851 నుంచీ కాలుస్తున్న మున్షీ నాన్ ఉంది. మాంసం పొద్దున్నే ఇంత బరువుగా వద్దనుకుంటే ఖిచిడీ, ఖీమా, ఖట్టా. చింతపండు, నువ్వులు కలిసిన ఆ పల్చటి ఖట్టా లేకుండా ఖిచిడీ తినేవాళ్లకి హైదరాబాద్ పొద్దుటి తిండి సగమే తెలిసినట్టు.

చాయ్ విషయానికొస్తే, డికాషన్ మూత పెట్టి దమ్ మీద, పాలు వేరే గిన్నెలో చిక్కగా మరిగి, కప్పులో కలుస్తాయి. గిరాకీ తగ్గిన చోట డికాషన్ అదే పనిగా కాగి వగరెక్కుతుంది, పాల మీద మీగడ గట్టిపడుతుంది. చార్మినార్ పక్కన నిమ్రా, లక్డీకాపూల్ నీలోఫర్ లాంటి చోట్ల చాయ్ నిలకడగా బాగుండటానికి సగం కారణం ఆ గుంపే. బన్ మస్కా తొలి పొద్దులోనే తినండి, మధ్యాహ్నానికి అదే బన్ను పొడిపొడిగా రాలుతుంది.

కేఫ్ బ్రంచ్‌ని చిన్నచూపు చూడక్కర్లేదు. అక్కడ కూర్చునే తీరిక కొనుక్కుంటున్నామని ఒప్పుకుంటే చాలు. పదకొండింటికి వెళ్లి ఒంటిగంటదాకా కూర్చున్నా ఎవరూ లేవమనరు. బండి దగ్గర కూర్చునే చోటే ఉండదు, టిఫిన్ హోటల్లో చూపులతోనే లేపేస్తారు. కాఫీ కూడా ఇక్కడే మేలు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 14లో రోస్టరీ కాఫీ హౌస్ లాంటి చోట్ల గింజ ఎక్కడిదో అడిగితే చెబుతారు, అరకు దొరికితే పాలు లేకుండా తాగి చూడండి. కాపుచినో గోరువెచ్చగా ఉందని గొడవ పడేవాళ్లకో మాట: పాలు 60, 65 డిగ్రీల దగ్గర ఆపితేనే ఆ తీపి, నురుగు నిలుస్తాయి. 70 దాటిస్తే ఉడికిన వాసన వస్తుంది. పొగలు రావాలంటే ఫిల్టర్ కాఫీ ఉండనే ఉంది.

తిండి దగ్గర తేడా వచ్చేది గుడ్ల దగ్గరే. ఎగ్స్ బెనెడిక్ట్ అంటే బ్రెడ్ మీద నీళ్లలో ఉడికించిన గుడ్డు, దాని మీది హాలండైజ్ వెన్న, పచ్చసొన కలిపి చేసే సాస్. వేడెక్కువైతే సొన గడ్డకట్టి విరుగుతుంది, చల్లారితే వెన్న పేరుకుంటుంది, గంటల తరబడి గోరువెచ్చగా ఉంచితే కడుపుకి మంచిది కాదు. ఆదివారం రద్దీలో పొద్దున ఒకసారే చేసి ఉంచే చోట్లున్నాయి. సాస్ అంచున నూనె విడిగా తేలితే వెనక్కి పంపండి. గుడ్డు కోయగానే సొన వెచ్చగా కారాలి. చల్లగా ఉంటే ముందే ఉడికించి ఐసునీళ్లలో దాచింది సరిగా వేడి చేయలేదని అర్థం. అంత పరీక్ష ఎందుకనుకుంటే షక్షూకా చెప్పండి: టమాటా గ్రేవీలో గుడ్డు కొట్టి, ఇనప గిన్నెతో సహా బల్ల మీదికి వస్తుంది, కాబట్టి వేడి పోదు. కేఫ్‌లో ఇడ్లీ, దోశ అడగొద్దు. అది ఎంత మంచి కేఫ్ అయినా సరే, అక్కడ రోజుకి ఎన్ని దోశలు అమ్ముడవుతాయో మీరే ఆలోచించండి.

బిల్లు చూసి కట్టండి. నలుగురికి 2,800 అయ్యిందనుకుందాం. 5 శాతం జీఎస్టీ 140 కలిపితే 2,940. అదే బిల్లులో 10 శాతం సర్వీస్ చార్జి దూరిస్తే ముందు 3,080 అవుతుంది, దాని మీద జీఎస్టీ 154 పడి 3,234 దగ్గర తేలుతుంది. అంటే 294 రూపాయలు ఎక్కువ. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి.

స్టార్ హోటళ్ల ఆదివారం బ్రంచ్ ఎవరైనా పార్టీ ఇస్తే వెళ్లండి. వంద రకాలుంటాయి, ప్రతిదీ గిన్నెలో దీపం మీద కూర్చుని మీకోసం ఎదురుచూసిందే. కళ్లెదుటే వండి ఇచ్చే లైవ్ కౌంటర్ ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ఫోన్‌లో ఆర్డరు పెట్టి ఇంటికి తెప్పించుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. దోశ, పూరీ, వడ తెప్పించొద్దు, అరగంట డబ్బాలో మగ్గి వస్తాయి. పొంగల్, ఖిచిడీ పర్వాలేదు. ఇడ్లీ అయితే రాగానే డబ్బా మూత తీసి, ఒక్క చెంచా నీళ్లు చిలకరించి, ఆవిరి మీద రెండు నిమిషాలు పెట్టి తినండి. చట్నీ మాత్రం ఇంట్లోదే వేసుకోండి.