మిసెస్ మినివరా, కాసాబ్లాంకానా: ముందు ఏది చూడాలి?

పాత హాలీవుడ్ సినిమాలు చూద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరిని అడిగినా ముందు వచ్చే పేరు 'కాసాబ్లాంకా'. నన్నడిగినా దాదాపు అదే చెప్తాను. కాకపోతే ఒక మెలిక ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో అమెరికాలో జనం అన్నిటికన్నా ఎక్కువ ఎగబడింది దానికి కాదు. అది బాగానే ఆడింది, లాభాలూ తెచ్చింది. కానీ కలెక్షన్ల లెక్కలో అందరి నోళ్ళలో నానినవి వేరు. 1942లో 'మిసెస్ మినివర్', 1943లో 'దిస్ ఈజ్ ది ఆర్మీ', 1944లో 'గోయింగ్ మై వే'.

ఈ నాలుగింటినీ వరసగా నాలుగు ఆదివారాలు ఇంట్లో వేసుకుని చూశాం, నేనూ మా అమ్మా. అమ్మకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. సగం సబ్‌టైటిల్స్ చదువుకుంటుంది, సగం నన్ను అడుగుతుంది. అడిగేది మాత్రం సరిగ్గా కథ ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడే.

అసలు పోటీ రెండిటి మధ్యే కాబట్టి మిగతా రెండూ ముందే తేల్చేస్తాను.

'దిస్ ఈజ్ ది ఆర్మీ'ని తీసింది కూడా 'కాసాబ్లాంకా' తీసిన మైకేల్ కర్టిజే. స్టూడియో కూడా అదే, వార్నర్ బ్రదర్స్. ఇర్వింగ్ బెర్లిన్ పాటలు, రంగుల్లో తీసిన హంగామా, తెర మీద నిజం సైనికులు, వచ్చిన లాభమంతా సైన్యం సహాయనిధికి. టికెట్ కొంటే దేశసేవ చేసినట్టే. ఇక ఆడకేం చేస్తుంది? ఇప్పుడు చూస్తే కథ నూలుపోగంత కూడా లేదు. పాట, కవాతు, పాట, కవాతు. తెల్లవాళ్ళు మొహాలకి నల్లరంగు పూసుకుని ఆడే నృత్యం ఒకటుంది, అది ఈ రోజు చూడటం కష్టం. ఒక్క తమాషా చెప్పాలి. ఇందులో జార్జ్ మర్ఫీ తండ్రి, రొనాల్డ్ రీగన్ కొడుకు. ఇద్దరికీ తేడా తొమ్మిదేళ్ళే. తర్వాత 'తండ్రి' సెనేటర్ అయ్యాడు, 'కొడుకు' ఏకంగా ప్రెసిడెంటే అయ్యాడు. ఆసక్తి ఉంటే ఓ అరగంట చూసి ఆపేయొచ్చు.

'గోయింగ్ మై వే' అలాంటిది కాదు, ఇప్పటికీ హాయిగా నడిచిపోతుంది. అప్పుల్లో మునిగిన చర్చి, దాని ముసలి ఫాదర్, ఆయన మీదకి వచ్చిన పాటలు పాడే కుర్ర ఫాదర్. అంతే కథ. కుర్ర ఫాదర్‌గా వేసిన బింగ్ క్రాస్బీ తొణకడు, బెణకడు. ముసలాయనగా వేసిన బారీ ఫిట్జెరాల్డ్‌ని ఒకే పాత్రకి ఉత్తమ నటుడు, ఉత్తమ సహాయ నటుడు రెండిటికీ నామినేట్ చేశారు. సహాయ నటుడిగా గెలిచాడు. యుద్ధం వల్ల లోహం కరువై అప్పట్లో ఆస్కార్ బొమ్మల్ని ప్లాస్టర్‌తో పోసేవాళ్ళు. ఆయన ఇంట్లో గోల్ఫ్ ప్రాక్టీస్ చేస్తూ దాని తల ఎగరగొట్టాడు. సినిమాలో యుద్ధం ఊసు పెద్దగా లేదు. 1944కి జనం యుద్ధం చూసీ చూసీ అలిసిపోయారనడానికి ఈ హిట్టే సాక్ష్యం అని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి.

'మిసెస్ మినివర్' మొదలవడమే ఒక టోపీతో. లండన్ బజారుకి వెళ్ళిన ఇల్లాలు బస్సెక్కాక మనసాగక మళ్ళీ వెనక్కి దిగి, ఖరీదైన టోపీ కొనేస్తుంది. ఇంటికొచ్చి మొగుడికి ఎలా చెప్పాలా అని ఒకటే నసుగుడు. ఆయనేమో కొత్త కారు కొనేసి, ఈవిడకి ఎలా చెప్పాలా అని నసుగుతుంటాడు. ఊరి స్టేషన్ మాస్టారు ముసలాయన తాను పెంచిన గులాబీకి ఆవిడ పేరు పెట్టుకుంటాడు. మొదటి అరగంట ఇంతే. యుద్ధం ఎప్పుడొస్తుంది అని మనం అనుకునేలోపు అది ఇంట్లోకే వచ్చేస్తుంది.

నన్ను పట్టేసిన సీన్ ఇంటి పెరట్లో బాంబుల షెల్టర్‌ది. నాలుగు రేకులు, రెండు బల్లలు, దీపం. పిల్లలు నిద్రపోతున్నారు. ఆవిడ అల్లిక పని చేసుకుంటోంది, ఆయన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' తీసి చదువుతున్నాడు. బయట చప్పుళ్ళు. ఇద్దరూ వాటి గురించి మాట్లాడరు, పుస్తకం గురించే మాట్లాడుకుంటారు. చప్పుడు దగ్గరయ్యేకొద్దీ మాటలు తగ్గుతాయి. ఒక్కసారిగా రేకులు ఊగిపోయి, దుమ్ము రాలి, పిల్లలు ఏడుస్తూ లేస్తారు. డైరెక్టర్ విలియం వైలర్ కెమెరాని బయటికి తీసుకెళ్ళి ఒక్క విమానం కూడా చూపించడు. అంతా ఆ రేకుల మధ్యే. అమ్మ ఇక్కడ సబ్‌టైటిల్స్ చదవడం మానేసింది. కాసేపాగి, "మా అమ్మ కూడా ఇలాగే చెప్పేది" అంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు అమ్మమ్మ వాళ్ళు అక్కడే ఉన్నారు. అన్నం వార్చకుండానే పొయ్యి మీద వదిలేసి బండి కట్టించుకుని పల్లెకి పోయారట. అమ్మమ్మ ఎప్పుడు ఆ కథ ఎత్తినా బాంబుల గురించి తక్కువ, ఆ అన్నం గురించి ఎక్కువ చెప్పేదట.

దీని వెనక కథ కూడా సినిమాలాంటిదే. షూటింగ్ 1941 నవంబర్‌లో మొదలైంది, అప్పటికి అమెరికా యుద్ధంలో లేదు. మినివర్ పెరట్లో గాయపడ్డ జర్మన్ పైలట్ ఒకడు దొరుకుతాడు. వాణ్ణి మరీ దుర్మార్గుడిలా చూపించొద్దని ఎం.జి.ఎం. స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ వైలర్‌ని పిలిచి చెప్పాడు. సినిమా మొత్తానికి జర్మన్ ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కణ్ణీ మంచివాణ్ణి చెయ్యలేనని వైలర్ మొండికేశాడు. డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది, అమెరికా యుద్ధంలోకి దిగింది. ఆ తర్వాత మేయర్ నోరెత్తలేదు. వైలర్ పుట్టింది అల్సాస్‌లో, జర్మనీ సరిహద్దులో. ఆయనకది వేరేవాళ్ళ యుద్ధం కాదు.

సినిమా చివర బాంబులకి కప్పు ఎగిరిపోయిన చర్చిలో ఫాదర్ ఇచ్చే ప్రసంగాన్ని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కరపత్రాలుగా అచ్చు వేయించాడు. న్యూయార్క్‌లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో పది వారాలు ఆడితే సుమారు 15 లక్షల మంది చూశారు. ఒక్క థియేటర్‌లో! ఆరు ఆస్కార్లు వచ్చాయి. అయితే లోపాలు లేకపోలేదు. ఆ ఇంగ్లిష్ పల్లె మొత్తం కాలిఫోర్నియా స్టూడియోలో వేసిన సెట్టు. కేలండర్ బొమ్మలా ఉంటుంది, ఎక్కడా బురద కనపడదు. పైగా ఆ చివరి ప్రసంగం సూటిగా ప్రేక్షకుల వంకే చూసి చెప్పినట్టుంటుంది. అప్పుడు దాంతో పని ఉంది. ఇప్పుడు మనకి కాస్త క్లాసు పీకినట్టే అనిపిస్తుంది.

'కాసాబ్లాంకా'లో క్లాసు పీకేవాళ్ళు లేరు. మొదట్లోనే, కాసాబ్లాంకా ఊళ్ళో బార్ నడిపే హీరో రిక్ ఒక చీటీ మీద సంతకం పెడతాడు. దాని మీద తేదీ 2 డిసెంబర్ 1941. కన్నార్పితే కనపడదు. పెర్ల్ హార్బర్‌కి ఐదు రోజుల ముందన్నమాట. అంటే కథలో రిక్ ఎవరి గొడవా నాకొద్దని కూర్చున్న ఆ వారంలోనే, నిజం హాలీవుడ్‌లో వైలర్ మినివర్ షూటింగులో ఉన్నాడు. తేదీ తెలిసిన 1942 ప్రేక్షకుడికి రిక్ మొండితనం తన దేశం మొండితనంలాగే కనపడి ఉంటుంది. ఒక్క ఉపన్యాసం లేకుండా ఆ పని జరిగిపోయింది.

జర్మన్ ఆఫీసర్లు పియానో దగ్గర చేరి తమ పాట ఎత్తుకునే సీన్ చూడండి. నాజీల నుంచి తప్పించుకొచ్చిన ప్రతిఘటన నాయకుడు లాస్లో మేడ దిగి, బ్యాండ్ దగ్గరికి వెళ్ళి ఫ్రెంచ్ జాతీయగీతం వాయించమంటాడు. వాళ్ళు రిక్ వంక చూస్తారు. రిక్ తల ఊపుతాడు, అంతే, అంతకు మించి ఏమీ లేదు. హాలంతా లేచి పాడుతుంది. అంతకు ముందు జర్మన్ ఆఫీసరు చెయ్యి పట్టుకుని వచ్చిన ఇవాన్ అనే అమ్మాయి కూడా కళ్ళ నీళ్ళతో పాడుతుంది. ఆ పాత్ర వేసిన మాడ్లెన్ లెబో నిజంగానే భర్తతో కలిసి ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చింది. ఆ భర్త మార్సెల్ దాలియో కూడా ఇదే సినిమాలో ఉన్నాడు, జూదం బల్ల దగ్గర రూలెట్ చక్రం తిప్పేది ఆయనే. నాజీ మేజర్‌గా వేసిన కాన్రాడ్ ఫైట్ నాజీల వల్ల జర్మనీ వదిలేసినవాడు.

ఈ రెండు సినిమాలనీ పక్కపక్కన చూస్తేనే దొరికే ముక్క ఇంకొకటుంది. మినివర్ పెరట్లో దొరికిన ఆ జర్మన్ పైలట్ హెల్మట్ డాంటీన్. 'కాసాబ్లాంకా'లో రూలెట్ బల్ల దగ్గర డబ్బులన్నీ పోగొట్టుకుని, రిక్ దయతో గెలిచే కుర్ర శరణార్థి కూడా ఆయనే. స్వయంగా నాజీల శిబిరంలో ఉండి బయటపడ్డ ఆస్ట్రియా కుర్రాడు. ఒకే ఏడాదిలో ఇటు నాజీ, అటు నాజీ బాధితుడు.

'కాసాబ్లాంకా' మహాకావ్యంలా కట్టుదిట్టంగా తీసిందేం కాదు. స్క్రిప్ట్ ఒక పక్క రాస్తుంటే ఒక పక్క తీశారు. చివరికి తను రిక్, లాస్లోలలో ఎవరితో వెళ్ళాలో హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కే సరిగ్గా తెలీదు. యుద్ధం వల్ల కొత్త సెట్ల సామానుకి సినిమాకి 5,000 డాలర్లని ప్రభుత్వం పరిమితి పెట్టింది. ఆఖరి విమానాశ్రయం సీన్ స్టూడియో లోపలే తీశారు. వెనకున్నది చిన్న సైజు బొమ్మ విమానం. అది పెద్దదిగా కనపడాలని దాని చుట్టూ పొట్టివాళ్ళని మెకానిక్‌లుగా నిలబెట్టారు. మిగతాది పొగమంచు కప్పేసింది. ఈ సంగతి తెలిశాక కూడా ఆ సీన్‌లో నాకు గొంతు పట్టేసింది, ఏం చెప్పను.

అదృష్టం కూడా కలిసొచ్చింది. 1942 నవంబర్ 8న మిత్రసేనలు ఉత్తర ఆఫ్రికాలో దిగాయి, 26న న్యూయార్క్‌లో సినిమా వేసేశారు. జనవరిలో దేశమంతా విడుదలయ్యే సమయానికి రూజ్‌వెల్ట్, చర్చిల్ ఆ కాసాబ్లాంకా ఊళ్ళోనే సమావేశమయ్యారు. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ ప్రకటించగానే నిర్మాత హాల్ వాలిస్ లేచేలోపు స్టూడియో యజమాని జాక్ వార్నర్ పరుగెత్తి వేదికెక్కేశాడు. స్టూడియోల కాలం అంటే ఏమిటో ఇంతకన్నా వివరించక్కర్లేదు. ఆ ఏడాదే వాలిస్ ఆ సంస్థ వదిలేశాడు.

నా ఓటు 'కాసాబ్లాంకా'కే. గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది. మినివర్‌కి రెండుంపావు గంటలు కావాలి. 'కాసాబ్లాంకా'కీ లోపాలున్నాయి. మొరాకోలో జరిగే కథలో చెప్పుకోదగ్గ మొరాకో మనిషి ఒక్కడూ లేడు. ఊరు దాటి పోవడానికి కథలో అందరూ దేవులాడే ఆ ప్రయాణ పత్రాలు ఉంటే జర్మన్లు నోరు మూసుకుని ఎందుకు వదిలేస్తారో అమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు, సినిమా దగ్గరా లేదు. అయినా మొదటిసారి చూసేవాళ్ళకి ఇదే పెట్టండి. నచ్చితే వారం తిరక్కుండా మినివర్ పెట్టండి, కనీసం ఆ షెల్టర్ సీన్ కోసం. రిక్ కథలో యుద్ధం అంటే ఎటు నిలబడాలన్న ప్రశ్న. ఇంట్లో కూర్చుని చప్పుళ్ళు వినడం ఎలా ఉంటుందో అది మినివర్‌లోనే ఉంది.

అమ్మ ఓటు మాత్రం నాకు పడలేదు. మినివర్ పెద్ద కొడుకుగా వేసిన రిచర్డ్ నేని తల్లిగా వేసిన గ్రీర్ గార్సన్ మరుసటి ఏడాదే పెళ్ళి చేసుకుందని నేను చెప్పి చెడగొట్టబోయినా లాభం లేకపోయింది. రెండు నిమిషాలు "రామ రామ" అనుకుని, మొన్న ఆదివారం మళ్ళీ ఆ గులాబీ తాతగారి సినిమానే పెట్టమంది.