మా మొదటి సల్సా క్రూజ్: ఓడ మీద డాన్స్, సాన్ హువాన్‌లో కందులు

మా 25వ పెళ్ళిరోజు ఫిబ్రవరిలో వచ్చింది. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం, రెండేళ్ళ క్రితం న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి దగ్గరే సల్సా (లాటిన్ అమెరికా వాళ్ళ జంట డాన్స్) క్లాసులో చేరాం, మొదట్లో నేను లాక్కెళ్తే వచ్చారు మా ఆయన, ఆర్నెల్లు తిరిగేసరికి శుక్రవారం సాయంత్రం డాన్స్ షూస్ బ్యాగ్ పట్టుకుని నాకంటే ముందు కార్లో కూర్చునేది ఆయనే. అందుకే పెళ్ళిరోజుకి ఏం చేద్దామండీ అంటే సల్సా థీమ్ క్రూజ్ అన్నారు. ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి ఏడు రాత్రులు, డొమినికన్ రిపబ్లిక్‌లో ప్యూర్టో ప్లాటా, తర్వాత పోర్టోరికోలో సాన్ హువాన్, ఆ తర్వాత అమెరికా వర్జిన్ దీవుల్లో సెయింట్ థామస్, మిగతాదంతా సముద్రం. ఇద్దరికీ క్రూజ్ ఎక్కడమే మొదటిసారి. వెళ్ళొచ్చాక చాలామంది ఫ్రెండ్స్ ఎలా ఉంది, మేమూ వెళ్ళొచ్చా, డబ్బులకి తగ్గట్టు ఉందా అని అడుగుతున్నారు, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

ముందు థీమ్ క్రూజ్ అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే మేమూ తెలీకుండానే బుక్ చేసుకున్నాం. ఇందులో రెండు రకాలున్నాయి. ఓడ మొత్తాన్నీ ఒకళ్ళే అద్దెకి తీసుకుని ఎక్కినవాళ్ళందరూ ఒకే ఇష్టం ఉన్నవాళ్ళే ఉండేది ఒకటి. మామూలు క్రూజ్‌లో కొన్ని రూమ్‌లు మాత్రం ఒక గ్రూపు తీసుకుని, రెండు మూడు హాళ్ళలో వాళ్ళ ప్రోగ్రాములు పెట్టుకునేది ఇంకోటి. మాది రెండోది. పగలు క్లాసులు ఒక లాంజ్‌లో, రాత్రి పదిన్నర నుంచి డాన్స్ ఇంకో హాల్లో, మిగతా ఓడంతా మామూలు టూరిస్టులు. బుకింగ్ గ్రూపు ద్వారానే చేసుకోవాలి, అదే ఓడలో రూమ్ బయట చవగ్గా దొరికింది కదా అని నేరుగా బుక్ చేసుకుంటే క్లాసులకి రానివ్వరు, మా టేబుల్ దగ్గర కూర్చున్న జంట పాపం అలాగే చేసి మళ్ళీ విడిగా డబ్బు కట్టారు.

ఖర్చు విషయం. మామూలు క్రూజ్ కంటే ఎక్కువే పడింది. పైన చూపించే రేటు చూసి మోసపోకండి, పోర్ట్ టాక్సులు వేరు, టిప్స్ వేరు (మా ఓడలో మనిషికి రోజుకి 16 డాలర్లు, దానంతటదే మన అకౌంట్‌లో పడిపోయేది), వైఫై వేరు, డ్రింక్స్ ప్యాకేజీ వేరు. ఆ డ్రింక్స్ ప్యాకేజీ ఒక రూమ్‌లో పెద్దవాళ్ళు ఒకళ్ళు తీసుకుంటే ఇంకొకళ్ళూ తీసుకోవాల్సిందే అన్నారు, మా ఆయన అసలు తాగరు, నేనూ ఎప్పుడో ఒక గ్లాసు, కాబట్టి వద్దనుకున్నాం, మంచిపనే చేశాం. ఓడ ఎక్కగానే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టెయ్యండి, సముద్రం మీద సిగ్నల్ పట్టుకుందంటే బిల్లు చూసి ఏడుపొస్తుంది.

కాగితాల గురించి కూడా ఒక మాట. ఆయనకి అమెరికన్ పాస్‌పోర్ట్, నాకు గ్రీన్‌కార్డ్, ఇండియన్ పాస్‌పోర్ట్, కాబట్టి ఇబ్బంది లేదు. కానీ హెచ్1బీ మీద ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటిపోయినవాళ్ళు దయచేసి జాగ్రత్త. కెనడా, మెక్సికోకి 30 రోజుల్లోపు వెళ్ళొస్తే పాత స్టాంప్‌తోనే తిరిగి రానిచ్చే రూల్ ఉంది కదా, అది హెచ్1బీ వాళ్ళకి కరీబియన్ దీవులకి వర్తించదు, ఎఫ్ (స్టూడెంట్), జే (ఎక్స్‌చేంజ్) వీసాల వాళ్ళకి మాత్రమే. ప్యూర్టో ప్లాటా లాంటి వేరే దేశం పోర్ట్ ఒక్కటి ఉన్నా చాలు, బుక్ చేసేముందు లాయర్‌ని అడగండి.

ఓడ బయల్దేరే రోజు పొద్దున విమానంలో దిగుదాం అని మా ఆయన, ముందురోజే వెళ్దాం అని నేను. ఫిబ్రవరిలో మా నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో మంచు పడితే విమానాలు ఏమవుతాయో మనకి తెలుసు, ఓడ మనకోసం ఆగదు. ముందురోజే వెళ్ళి పోర్ట్ దగ్గర ఓ మామూలు హోటల్లో ఉన్నాం, రూమ్ చిన్నదే, శుభ్రంగా ఉంది, పొద్దున్నే షటిల్ ఉంది, అంతకంటే అక్కర్లేదు.

ఇక ఓడలో మా రూమ్. ఇక్కడే పెద్ద తప్పు చేశాం. ఏ రూమ్ ఇస్తారో వాళ్ళ ఇష్టం అని వదిలేస్తే రేటు తక్కువ అన్నారు, సరే అన్నాం. కిటికీ లేని రూమ్, అది పర్లేదు, పడుకోడానికే కదా, చీకటిగా ఉండి నిద్ర బానే పట్టేది. కానీ నెత్తిన సరిగ్గా బఫే హాలు. రాత్రి రెండింటికి డాన్స్ అయ్యాక వచ్చి పడుకుంటే ఐదింటికల్లా పైన కుర్చీలు లాగడం మొదలు. మూడు రోజులు భరించి చెప్తే ఓడ నిండిపోయింది, మార్చలేం అన్నారు. డెక్ ప్లాన్ చూసుకుని, పైనా కిందా రెండువైపులా రూమ్‌లే ఉన్న ఫ్లోర్‌లో, ఓడ మధ్యలో ఉండే రూమ్ తీసుకోండి, ఇంకో వంద రెండొందలు ఎక్కువైనా సరే. మధ్యలో ఊపు కూడా తక్కువ. రూమ్ చూసుకునే అబ్బాయి మాత్రం బంగారం, ఇండోనేషియా వాళ్ళు, మా పెళ్ళిరోజని తెలిసి టవల్‌తో రెండు హంసలు చేసి మంచం మీద పెట్టి వెళ్ళాడు.

తిండి. మావాళ్ళు మొదట అడిగేది ఇదే. మా ఆయన శాకాహారి. రాత్రి డిన్నర్‌కి కూర్చునే హాల్లో మొదటిరోజే హెడ్ వెయిటర్‌ని పిలిచి ఇండియన్ వెజ్ కావాలని చెప్తే మర్నాటి నుంచి రోజూ ఏదో ఒక కూర, పప్పు, అన్నం, పాపడ్ వచ్చేవి, మెనూలో ఉండవు, అడిగితేనే. కారం మాత్రం మన లెక్కకి ఉండదు, నేను చిన్న డబ్బాలో కారప్పొడి పట్టుకెళ్ళా, పక్క టేబుల్ గుజరాతీ వాళ్ళు కూడా రోజూ అడిగి వేసుకునేవారు.

క్లాసులు. సముద్రం మీద ఉన్న రోజుల్లో పొద్దున పది నుంచి నాలుగింటిదాకా గంటకో క్లాసు, సల్సా, బచాతా, మెరెంగే (ఈ రెండూ డొమినికన్ రిపబ్లిక్ డాన్స్‌లు), క్యూబన్ స్టైల్ సల్సా. మొదలుపెట్టినవాళ్ళకీ, మాలాంటి మధ్యస్థం వాళ్ళకీ, బాగా వచ్చినవాళ్ళకీ వేరేవేరుగా. ఒక టీచర్ క్లావే, అంటే సల్సా పాటకి ఆధారమైన తాళం, గురించి గంటసేపు చెప్పారు, రెండు బార్లలో ఐదు దెబ్బలు, పాట మొత్తం దానిమీదే నడుస్తుంది, చప్పట్లు కొట్టిస్తూ నేర్పారు. చిన్నప్పుడు సంగీతం టీచర్ తొడమీద తాళం వేయించిన రోజులు గుర్తొచ్చాయి నాకు. రెండేళ్ళుగా అంకెలు లెక్కపెడుతూ డాన్స్ చేస్తున్నా, ఆ గంట తర్వాత లెక్కపెట్టడం మానేసి వినడం మొదలుపెట్టా, ఆ ఒక్క క్లాసుకే డబ్బులు వచ్చేశాయి అనిపించింది. క్యూబన్ రువెదా అయితే ఇంకా ఇష్టమైంది, జంటలన్నీ గుండ్రంగా నిలబడితే ఒకళ్ళు గట్టిగా పిలుపు ఇస్తారు, అందరూ ఒకేసారి తిరిగి పక్క పార్ట్‌నర్ దగ్గరికి వెళ్తారు. అచ్చం మన కోలాటం. మాది తాండూరు, బతుకమ్మ చుట్టూ తిరిగిన కాళ్ళకి గుండ్రంగా తిరగడం ఎవరూ నేర్పక్కర్లేదు.

క్లాసులో ప్రతి రెండు మూడు నిమిషాలకీ పార్ట్‌నర్ మారతారు. మన తెలుగు జంటలు చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారని నాకు తెలుసు, మేమూ ఎడిసన్‌లో మొదటి రెండు నెలలు మారకుండా ఇద్దరమే చేశాం. మారడం ఇష్టం లేకపోతే గుండ్రానికి బయట నిలబడితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ మారితే నిజంగా తొందరగా వస్తుంది. అన్నట్టు డాన్స్ షూస్ రెండు జతలు తీసుకెళ్ళండి, అడుగున స్వెడ్ తోలు ఉండేవి తడి డెక్ మీద వేసుకుని నడిస్తే పాడైపోతాయి, నా జత ఒకటి అలాగే పోయింది. రెండోరోజు రాత్రి గాలి ఎక్కువై ఓడ బాగా ఊగింది, ఒక టర్న్ తిరిగి ఆగాల్సినచోట కాలు ఇంకో అడుగు పక్కన పడుతుంది, ఆ రాత్రి అందరూ టర్న్‌లు మానేసి బచాతాలే ఎక్కువ చేశారు.

నాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. లైవ్ బ్యాండ్ మూడు రాత్రులు అని రాశారు, వచ్చింది ఒక్క రాత్రే, మిగతావన్నీ డీజే. ఆడవాళ్ళు ఎక్కువ, మగవాళ్ళు తక్కువ వస్తారు కాబట్టి ఒంటరిగా కూర్చున్నవాళ్ళతో డాన్స్ చెయ్యడానికి టాక్సీ డాన్సర్లని పెడతాం అన్నారు, పెట్టారు, కానీ వాళ్ళలో సగంమంది డాన్స్ బాగా వచ్చిన చిన్నవయసు వాళ్ళతోనే చేసుకుంటూ పోయారు. అరవై దాటిన ఇద్దరు ఆవిడలు ఒంటరిగా వచ్చారు, మూడు రాత్రులు గోడపక్కనే కూర్చోవడం చూశా. మా ఆయనే వెళ్ళి అడిగి వాళ్ళతో చేశారు. ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో ఇదంతా రాసిచ్చాం.

ఊర్లు. ప్యూర్టో ప్లాటాలో ఓడ ఆగేది ఆంబర్ కోవ్ అనే చోట, 2015లో క్రూజ్‌ల కోసమే కట్టింది. పూల్ ఉంది, షాపులున్నాయి, అన్నీ ఉన్నాయి, ఒక్క ఊరే లేదు. చాలామంది అక్కడే ఉండిపోయారు. మేం టాక్సీ మాట్లాడుకుని ఊర్లోకి వెళ్ళాం, పాత చెక్క ఇళ్ళు రంగురంగులవి, గొడుగుల వీధి, సముద్రం ఒడ్డున పాత కోట. ఓ చిన్న హోటల్లో ముగ్గురు పెద్దాయనలు గిటార్, బొంగో (చిన్న జంట డోళ్ళు), గుయిరా (గీకి వాయించే రేకు గొట్టం) వాయిస్తూ బచాతా పాడుతున్నారు. ఒకప్పుడు ఇది పేదవాళ్ళ పాట అని డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో విననిచ్చేవాళ్ళు కాదట, 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఓడలో స్పీకర్‌లో విన్న బచాతాకీ దీనికీ పోలికే లేదు, గంటన్నర కదల్లేదు మేం. కేబుల్ కార్ ఎక్కుదాం అనుకున్నాం, టైమ్ సరిపోలేదు.

సాన్ హువాన్ మాత్రం ట్రిప్ మొత్తానికీ ప్రాణం. ఓడ పాత ఊరి పక్కనే ఆగుతుంది, దిగి నడిచి వెళ్ళిపోవచ్చు, టూర్ ఏదీ కొనక్కర్లేదు. నీలం రాళ్ళు పరిచిన వీధులు, అటు చివర ఎల్ మోరో కోట, 1539లో మొదలుపెట్టి తరాలపాటు కట్టుకుంటూ వచ్చారు. కోట ముందు పెద్ద పచ్చిక మైదానంలో కుటుంబాలన్నీ గాలిపటాలు ఎగరేస్తున్నాయి, సంక్రాంతి అప్పుడే అయిపోయిందే అనుకున్న నాకు కళ్ళు నిండాయి. మధ్యాహ్నం తిండికి వెళ్తే ఆరోస్ కోన్ గాందూలెస్, అంటే గాందూలెస్ వేసి వండిన అన్నం, ఉందన్నారు. గాందూలెస్ అంటే ఏంటమ్మా అని అడిగితే ఆవిడ లోపల్నుంచి గుప్పెడు గింజలు తెచ్చి చూపించింది, పచ్చి కందులు! మా తాండూరు కందిపప్పుకి జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేకమైన సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని సంబరపడ్డాం, అదే కంది ఇంతదూరంలో, పేరు కూడా చెవికి కందులు లాగే వినపడుతోంది, ఆవిడకి కందులు, గాందూలెస్ అని రెండూ పక్కపక్కన చెప్పి చూపించా, ఆవిడ కందులు, కందులు అంటూ వంటగదిలోకి వెళ్ళి ఇంకొకావిడని పిలుచుకొచ్చింది. ఆ అన్నంలో పంది మాంసం వేస్తారు చాలాచోట్ల, శాకాహారులు ముందే అడగండి, మా ఆయనకి విడిగా చేసిపెట్టారు, పక్కన అరటికాయ ముక్కలు అణగ్గొట్టి వేయించిన తోస్తోనెస్.

రాత్రికి గ్రూపంతా సాన్ హువాన్‌లోనే సాంతుర్సే అనే పేటలో లా ప్లాసిటాకి. పగలు కూరగాయల మార్కెట్, రాత్రి చుట్టూ వీధుల్లో పాటలు, డాన్స్. అక్కడ డెబ్భై ఏళ్ళు ఉంటాయేమో ఒక జంట, జానెడు జాగాలో, టర్న్‌లు లేవు, స్పిన్‌లు లేవు, చిన్న చిన్న అడుగులు, ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. మేమిద్దరం చూస్తూ నిలబడిపోయాం. పెద్దాయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపి రమ్మన్నారు, వాళ్ళ పక్కనే మేమూ చేశాం, వర్క్‌షాప్‌లో నేర్చుకున్నవేవీ చెయ్యలేదు. రెండేళ్ళలో ఆయనతో నేను చేసిన డాన్స్‌లన్నిటిలో నాకు గుర్తుండేది అదే. ఓడ రాత్రి పదకొండుకి బయల్దేరుతుందని పదింటికే బస్సెక్కించేశారు, అక్కడ ఒక రాత్రి ఆగే క్రూజ్ దొరికితే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి.

సెయింట్ థామస్ అందంగా ఉంది, మేగెన్స్ బే బీచ్ నీళ్ళు నిజంగా ఫోటోల్లో లాగే ఉంటాయి, పిల్లలతో వెళ్తే అక్కడే రోజంతా గడపొచ్చు. 1917లో డెన్మార్క్ దగ్గర అమెరికా రెండున్నర కోట్ల డాలర్లకి కొన్న దీవులివి, బళ్ళు మన దేశంలో లాగా రోడ్డుకి ఎడమవైపు పోతాయి, స్టీరింగ్ కూడా ఎడమవైపే ఉంటుంది, కొండ మలుపుల్లో కాస్త భయం వేస్తుంది. మెయిన్ స్ట్రీట్ నగల షాపుల్లో చాలావరకు సింధీ వాళ్ళు, లోపలికి వెళ్ళగానే హిందీలో పలకరించి టీ ఇచ్చారు. కొనడానికైతే నాకు మన ఇండియన్ షాపులుండే ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డే నయం. డాన్స్‌కి సంబంధించి అక్కడ ఏమీ లేదు, అందుకే ఒక పూట చాలు.

కాబట్టి అడిగినవాళ్ళకి నేను చెప్పేది, ఊర్లు చూడాలంటే థీమ్ క్రూజ్ వద్దు, సాన్ హువాన్‌కి విమానంలో వెళ్ళి నాలుగు రోజులు ఉండండి. థీమ్ ఏదైనా సరే, దాన్ని ఇంటి దగ్గర కనీసం ఆర్నెల్లు చేసి, ఇష్టం ఉందని తెలిసాక వెళ్ళండి, ఊరికే చూద్దాంలే అని వచ్చిన జంటలు రెండోరోజే క్లాసులు మానేసి పూల్ దగ్గర కూర్చున్నారు, వాళ్ళకి మామూలు క్రూజ్ సగం డబ్బులకి వచ్చేది. మేం మళ్ళీ వెళ్తాం, ఈ గ్రూపుతో కాదు, ఓడ మొత్తం డాన్స్ వాళ్ళే ఉండేది చూసుకుని.

వచ్చిన వారం మా ఇంటికి ఐదు నిమిషాల దూరంలో లాటినో షాపుకి వెళ్ళా, పదిహేనేళ్ళుగా దానిముందు నుంచే పోతున్నా ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. ఫ్రీజర్‌లో పచ్చి కందుల ప్యాకెట్లు వరసగా ఉన్నాయి. రెండు తెచ్చి ఉప్పేసి ఉడకబెట్టా, ఇద్దరం గిన్నె మధ్యలో పెట్టుకుని తిన్నాం.