హైగేట్‌లో డికెన్స్ పాప సమాధి: వెళ్లే దారి, చూడదగ్గవి, వదిలేయదగ్గవి

ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తొమ్మిదో సంతానం డోరా ఆనీ 1850 ఆగస్టు 16న పుట్టింది. అప్పటికి ఆయన రాస్తున్న నవల 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' ముగింపుకొస్తోంది. అందులోని డోరా పేరే పాపకి పెట్టి, ఆ రోజుల్లోనే నవలలోని డోరాని చంపే పనిలో పడ్డాడు. మన ఇళ్లలో అయితే పెద్దవాళ్లు ఆ పేరు పెట్టనిచ్చేవారు కాదు.

1851 మార్చి 31న డికెన్స్ తండ్రి పోయాడు. ఏప్రిల్ 14న డికెన్స్ పాపని కాసేపు ఆడించి, నాటక కళాకారుల సహాయనిధి విందుకి అధ్యక్షత వహించడానికి వెళ్లాడు. ఈలోపు ఇంట్లో పాపకి ఫిట్స్ వచ్చి ప్రాణం పోయింది. కబురు ముందు స్నేహితుడు ఫార్‌స్టర్‌కి అందింది. డికెన్స్ ప్రసంగం పూర్తయ్యేదాకా ఆయన నోరు విప్పలేదు. తల్లి కేథరిన్ అప్పుడు వైద్యం కోసం మాల్వెర్న్ అనే ఊళ్లో ఉంది. ఒక్కసారిగా చెబితే తట్టుకోలేదని, పాపకి బాగా జబ్బు చేసిందని మాత్రం రాసి, ఆ ఉత్తరం ఫార్‌స్టర్ చేతికే ఇచ్చి పంపాడు.

పాప సమాధి లండన్‌లోని హైగేట్ శ్మశానంలో, స్వెయిన్స్ లేన్ అనే రోడ్డుకి పడమటి వైపు ఉంది. కార్ల్ మార్క్స్ ఉన్నది తూర్పు వైపు. తూర్పు టికెట్ ఒక్కటే కొంటే ఇటు రానివ్వరు. పడమటి టికెట్‌తో రెండూ చూడొచ్చు. ధర పెద్దలకి పది పౌండ్ల చుట్టుపక్కల, మారుతుంటుంది కాబట్టి ముందురోజు వెబ్‌సైట్ చూసుకోండి.

పేరు చూసి హైగేట్ స్టేషన్‌లో దిగితే అనవసరంగా దూరం నడవాలి. దిగాల్సింది ఆర్చ్‌వే. అక్కడికెళ్లే భూగర్భ రైలు మార్గం నార్తర్న్ లైన్, క్యామ్‌డెన్ టౌన్ దగ్గర రెండుగా చీలుతుంది. ఎడ్జ్‌వేర్ రైలు ఎక్కితే హ్యాంప్‌స్టెడ్ వైపు పోతారు, హై బార్నెట్ లేదా మిల్ హిల్ ఈస్ట్ బోర్డు చూసి ఎక్కండి. ఆర్చ్‌వే నుంచి అంతా ఎత్తే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు 210 లేదా 143 బస్సెక్కి వాటర్‌లో పార్క్ దగ్గర దిగి, పార్క్‌లోంచి నడవడం మేలు. లోపల కూడా దారులు ఎగుడుదిగుడే, వాన పడితే జారతాయి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.

గేటు దగ్గర 'డికెన్స్ సమాధి' అని అడగొద్దు. ఆయన సమాధి ఉన్నది వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చిలో. ఇక్కడేమో ఆయన తల్లిదండ్రులూ, అక్క ఫానీ కూడా ఉన్నారు. 'కేథరిన్ డికెన్స్' అని అడిగి మ్యాప్‌లో గుర్తు పెట్టించుకోండి. 1858లో భర్త నుంచి విడిపోయిన కేథరిన్‌ని, 1879లో చనిపోయాక ఈ పాప దగ్గరే పెట్టారు. దారి వదిలి రాళ్ల మధ్యకి మాత్రం దిగకండి, పాత సమాధుల కింద నేల గుల్లగా ఉంటుంది.

బసకి కింగ్స్ క్రాస్, యూస్టన్ ప్రాంతాలు అనుకూలం, ఆర్చ్‌వేకి రైలు మారక్కర్లేదు. హౌన్స్‌లోలో చుట్టాల దగ్గర దిగేవాళ్లు పికడిల్లీ లైన్‌లో లెస్టర్ స్క్వేర్ దాకా వచ్చి మారితే సరి.

పాప పుట్టిన డెవన్‌షైర్ టెర్రేస్ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట మార్లబోన్ రోడ్డు మీది ఆఫీసు గోడకి డికెన్స్ ముఖం, ఆయన పాత్రలు చెక్కిన శిల్పఫలకం ఉంది. అటు వెళ్తే ఐదు నిమిషాలు ఆగండి, దానికోసమే వెళ్లక్కర్లేదు. డౌటీ స్ట్రీట్‌లోని డికెన్స్ మ్యూజియం మంచిదే గానీ డికెన్స్ అక్కడున్నది 1837 నుంచి 1839 వరకే, డోరా ఆ ఇల్లు ఎరగదు. అబ్బే టికెట్ ఖరీదు, పైగా ఆదివారం సందర్శకులని అనుమతించరు. మాల్వెర్న్ కొండలు అందమైనవే, కానీ పాడింగ్టన్ నుంచి రెండున్నర గంటల రైలు. ఒక్క డోరా కథ కోసమైతే ఆ ప్రయాణం మానేసి, ఆ పూట కూడా హైగేట్‌కే ఇవ్వండి.