నీళ్లు ముందు ఎటు నుంచి వచ్చాయి: కామిక్స్ కోర్సు చర్చల్లో పద్నాలుగు నెలలు

విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక ప్రెస్సుకు పేజీలు కట్టే పని నాది. బొమ్మలు చిన్నప్పటి నుంచీ వేస్తాను. 2024 వరద తగ్గిన రెండు నెలలకు, నిజంగా జరిగిన సంగతుల్ని కామిక్స్‌గా చెప్పడం నేర్పే ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. రెండు దశలూ పూర్తయ్యేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఎలా ఉందని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

వీడియో పాఠాలు ఫరవాలేదు. పెన్సిల్, ఇంకు, గళ్లు గీయడం లాంటివి వేరేచోట కూడా దొరుకుతాయి. నేను డబ్బు కట్టినందుకు ఫలితం దక్కింది మాత్రం శనివారం రాత్రి చర్చల్లోనే. ఎనిమిది మందిమి జూమ్‌లో కూర్చునేవాళ్లం. ఒకరి పేజీ తెర మీద పెడతారు. మొదటి పది నిమిషాలు ఆ పేజీ వేసినవాళ్లు నోరు విప్పకూడదు. మిగతావాళ్లు తమకు ఏం అర్థమైందో చెబుతారు. మొదట్లో ఆ పది నిమిషాలూ నాకు విపరీతమైన టెన్షన్‌గా ఉండేది. మన పేజీ మనం పక్కన లేకుండా నిలబడుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

నా మొదటి పేజీ సంగతి చెప్పాలి. సెప్టెంబరు 1 తెల్లవారుజామున బుడమేరు వాగు నీళ్లు అజిత్‌సింగ్‌నగర్‌ను ముంచేశాయి. మా పిన్ని వాళ్లది అక్కడే, కింది వాటా. ఆవిడ ఆ రాత్రి గురించి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆరు గళ్లలో వేశాను: మూసిన తలుపు, గడప కింద నుంచి పాకుతున్న నీళ్లు, మంచం మీద నుంచి కాలు దించిన పిన్ని. బాగా వచ్చిందనుకున్నాను. చర్చలో గువాహటి నుంచి ఒకావిడ ఉండేది. ఆవిడ అడిగింది ఒక్కటే. "నీళ్లు ముందు గుమ్మంలోంచే వచ్చాయా? మా ఊళ్లో వరదొస్తే ముందు బాత్రూమ్ తూములోంచి పైకి తన్నుకొస్తాయి. మీ పిన్నిని అడిగారా?"

అడగలేదు. ఆ రాత్రే ఫోన్ చేశాను.

"బాత్రూమ్‌లో గుడగుడమని చప్పుడైతే పంపు కట్టలేదేమోనని లేచానే అమ్మాయ్. చూస్తే తూములోంచి నల్లటి నీళ్లు పొంగుతున్నాయి. గోనెసంచి కుక్కాను. ఇటు తిరిగేసరికి గుమ్మం కింద నుంచి కూడా మొదలైంది."

ఆ గోనెసంచి నా ఆరు గళ్లలో ఎక్కడా లేదు. పిన్ని కూడా అంతకుముందెప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. రాసేటప్పుడు "ఇంట్లోకి నీళ్లొచ్చాయి" అని ఒక్క ముక్కలో దాటేయొచ్చు. బొమ్మలో ఆ వీలుండదు. ఏ మూల నుంచి వచ్చాయి, కరెంటు ఉందా, మంచం ఎటువైపు ఉంది, అన్నీ వేసి తీరాలి. తెలియనిచోట చెయ్యి సినిమాల్లో చూసింది వేసేస్తుంది. నా గడప అలా వచ్చిందే.

ఒక వారం మొత్తం ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్' రెండో భాగంలోని ఒక్క పేజీ మీదే గడిచింది. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం అందుకున్న పుస్తకం అది. యూదుల మీద నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథను ఆయన అందులో కామిక్స్‌గా వేశాడు. నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం గేటు దగ్గర బ్యాండ్ వాయించేవాళ్లని దాఖలాలున్నాయి. అక్కడ ఖైదీగా ఉండి వచ్చిన తండ్రి మాత్రం తనకు బ్యాండ్ గుర్తే లేదంటాడు. కొడుకు మొదట బ్యాండ్‌ను గీశాడు. తండ్రి మాట విన్నాక, కవాతు చేస్తున్న ఖైదీల వెనక బ్యాండ్ దాదాపు కనపడకుండా పోయేలా మళ్లీ గీశాడు. తండ్రిని తప్పుపట్టలేదు, దాఖలాను కొట్టేయలేదు. ఆ పేజీ ఒక్కదాన్నే చదివి ఉంటే గబగబా తిప్పేసేదాన్ని. ఎనిమిది మందీ కలిసి గంటన్నర చూశాం.

తెలుగులో వేసేవాళ్లకు ఒక మాట. ఇంగ్లిష్ కామిక్స్‌లో మామూలుగా అంతా పెద్దక్షరాల్లోనే రాస్తారు. కిందికి తోకలు దిగవు కాబట్టి వరసలు దగ్గర దగ్గరగా పేర్చొచ్చు. పాఠాల్లో చెప్పే లెక్కలన్నీ దాని మీదే. మనకు 'స్త్రీ' అనే ఒక్క మాట చాలు, గుడి దీర్ఘం పైకీ ఒత్తులు కిందికీ పోయి రెండు వరసల చోటు తినేస్తుంది. వరసల మధ్య ఎడం పెంచాలి, మాటలు రాసే బుడగ పెద్దది చేయాలి, అంతకంటే ముందు మాటలు తగ్గించాలి. దీన్ని చర్చలో పెడితే నేర్పేవాళ్ల దగ్గర జవాబు లేదు. మలయాళంలో వేసే కొచ్చి అబ్బాయి తన పేజీలు చూపించి దారి చెప్పాడు. అంబేడ్కర్ జీవితం మీద 2011లో వచ్చిన బొమ్మల పుస్తకం 'భీమాయన' గురించి మొదట విన్నదీ అతని దగ్గరే. అందులో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ మెత్తటి మాటల బుడగను పిట్ట ఆకారంలో వేశారు, విషపు మాటల బుడగకు తేలు కొండి పెట్టారు. అది చూశాక గుండ్రటి బుడగే వేయాలన్న పట్టు వదిలేశాను.

రెండో దశలో నాకు కోపం వచ్చింది. గుంపును ఇరవై దాటించారు. ఎన్నిసార్లు మాట్లాడితే అన్ని మార్కులన్నారు. దాంతో "చాలా బాగుంది", "రంగులు నచ్చాయి" లాంటి మాటలు పెరిగిపోయాయి. పేజీకి ఐదు నిమిషాలు కూడా దక్కేది కాదు. రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. చివరికి మొదటి ఎనిమిది మందిలో ఐదుగురం విడిగా ఆదివారాలు కలవడం మొదలుపెట్టాం. ఇప్పటికీ కలుస్తున్నాం. కాబట్టి నా సలహా, మొదటి దశ వరకు కట్టండి. గుంపులో ఎంతమంది ఉంటారో ముందే అడిగి తెలుసుకోండి. చర్చంతా ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. నాది తడబడే ఇంగ్లిషే అయినా పేజీ ఎదురుగా ఉంటే వేలు పెట్టి చూపించి నెట్టుకురావచ్చు.

మార్చిన పేజీని ప్రింటు తీసి పోయిన వారం సింగ్‌నగర్ తీసుకెళ్లాను. పిన్ని కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. గోనెసంచి మీద వేలు పెట్టింది.

"ఇంత శుభ్రమైనది కాదే. గుంటూరు నుంచి కారానికి తెప్పించిన మిరపకాయల సంచి. ఆ చేతులు సాయంత్రం దాకా మండుతూనే ఉన్నాయి. డాబా మీద కడుక్కుందామంటే మంచినీళ్లేవీ?"

ఆ గడి మళ్లీ వేస్తున్నాను.