ఎండీ ఫోరెన్సిక్ మెడిసినా, స్పోర్ట్స్ మెడిసినా?

ఎంబీబీఎస్ తర్వాత రెండూ మూడేళ్ల ఎండీలే, దారి నీట్ పీజీ ప్రవేశ పరీక్షే. తేడా సీట్ల దగ్గరే మొదలవుతుంది. ఫోరెన్సిక్ ఎంబీబీఎస్‌లో తప్పనిసరి సబ్జెక్టు కాబట్టి ప్రతి మెడికల్ కాలేజీకీ ఆ విభాగం కావాలి. బోధన ఉద్యోగాలు అక్కడివే. స్పోర్ట్స్ మెడిసిన్ సీట్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టాల్సిందే. ఢిల్లీ సఫ్దర్‌జంగ్, చెన్నై శ్రీరామచంద్ర లాంటి కొద్ది చోట్లే.

ఫోరెన్సిక్ అంటే పోస్ట్‌మార్టమ్ ఒక్కటే కాదు: గాయాల సర్టిఫికెట్లు, వయసు నిర్ధారణ, కోర్టులో సాక్ష్యం. చిన్న పొరపాటు కేసునే ముంచుతుంది. విషప్రయోగం అనుమానమున్న విసెరాను (శవం నుంచి తీసిన లోపలి అవయవాల భాగాలను) ఫార్మలిన్ ద్రావణంలో పెడితే ల్యాబ్‌లో విషాన్ని వెలికితీయడం కష్టం. మామూలుగా వాడేది సంతృప్త ఉప్పునీరు. హిస్టోపాథాలజీకి, అంటే మైక్రోస్కోప్ కింద చూసేందుకు తీసిన కణజాలం ముక్కలకు మాత్రం ఫార్మలినే. ఈ రెండు సీసాలూ తారుమారైతే చేసేదేమీ లేదు.

స్పోర్ట్స్‌లో బతికున్న పేషెంటు, ఓపీడీ, వ్యాయామ పరీక్షలు, రిహాబ్ (గాయం తర్వాత కోలుకునే వ్యాయామ చికిత్స). మోకాలి లిగమెంటు ఆపరేషన్ మాత్రం ఆర్థోపెడిక్స్ వాళ్లదే. కత్తి పట్టాలనుకుంటే ఎంఎస్ ఆర్థో చూసుకోండి. జలుబు మాత్రలోని సూడోఎఫెడ్రిన్ పోటీరోజు ఆటగాడి మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే డోపింగే. ఆ మాత్ర రాసింది మీరైతే?

ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ వేరే కోర్సు. దానితో పోస్ట్‌మార్టమ్ చేయలేరు.